తడితాడు పరీక్ష

పోయినవారం భాగంలో చిన్నకోడల్ని ఫెర్రీ అడుగున వలలో చుట్టబెట్టి, సిలిండర్లో గాలి సగానికి పైగా అయిపోయేదాకా అక్కడే ఉంచి, చివరికి తోడుగా దిగిన ఆమె బావగారి, అంటే భర్త అన్నగారి, చేత వల కోయించి పైకి తెచ్చాం. జెట్టీ మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టి వదిలేశాం. ఆ దుప్పటి ఉతికి ఆరేసి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో జరిగింది కొంచెమే గాని, ఆ కొంచెమే ఇంటిని తలకిందులు చేసింది. నీళ్ళలో ఆమె చేతిలో ఉన్న కత్తి తాడు మీద జారిందే గాని కోయలేదన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆ కత్తిని పరీక్షించి చీటీ మీద టిక్కు పెట్టింది అత్తగారు. మేనేజరు వచ్చి టూల్ రూమ్ తాళంచెవి అడిగితే ఆవిడ మారుమాట లేకుండా గుత్తిలోంచి తీసి ఇచ్చేసింది. తప్పెవరిదమ్మా అని అడిగితే, "నాదే" అంది. ఆ తర్వాత ఇంట్లో ఉప్పు అందుకోమనడానికి తప్ప నోరు విప్పలేదు.

ఈ ఉదయం పది గంటలకు విచారణ. ఇవాళ మేనేజరు సంతకం పెడితే టూల్ రూమ్ మూతపడుతుంది, పంతొమ్మిదేళ్ళ తర్వాత అత్తగారు ఇంట్లో కూర్చుంటుంది. కూర్చోవడం ఆవిడకి చేతకాని పని. చిన్నకోడలికి ఆ సంగతి తెలుసు. తెలిసిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. అది రెండు రోజులుగా గొంతులో చేపముల్లులా అడ్డంపడి అటు దిగక, ఇటు రాక ఆమెని చంపుకు తింటోంది.

విచారణ టూల్ రూమ్‌లోనే పెట్టారు. పెద్ద గదేం కాదు. జెట్టీ వైపు ఒక కిటికీ, మూలన రెండు కుళాయిల సింకు, పైన ఫ్యాను, పొడుగాటి బల్ల. గదికంతటికీ గొప్ప వస్తువు ఎదురుగోడ మీద ఉన్న బోర్డు. ప్రతి పనిముట్టుకీ దాని మీద ఒక మేకు, మేకు వెనక తెల్లరంగుతో దాని ఆకారం. కత్తి తీస్తే తెల్లటి కత్తి మిగులుతుంది, కత్తెర తీస్తే తెల్లటి కత్తెర. ఏ డైవరు నీళ్ళలో ఉన్నాడో, ఏం పట్టుకెళ్ళాడో ఆ తెలుపు చూసి చెప్పేయొచ్చు. బోర్డు మీద ఒక్క తెల్ల ఆకారం మిగిలినా అత్తగారు గది దాటదు. భోజనం లేదు, ఇల్లు లేదు, చుట్టాలొచ్చారన్నా సరే. అందరూ పైకి వచ్చి, అన్నీ మేకులెక్కాకే ఆవిడ చెప్పులేసుకుంటుంది. ఈ గదిలో ఎవరూ రాయని రూలు అది, ఎవరూ మీరనిది కూడా.

ఇవాళ మాత్రం ఆవిడ తన స్టూలు మీద కాక, వచ్చినవాళ్ళకేసే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చిన్నకోడలు ఆ ఖాళీ స్టూలు పక్కనే నిలబడింది.

ఈ గదిలోకి తను మొదటిసారి వచ్చిన రోజు ఆమెకి బాగా గుర్తు. అప్పటికి ఈవిడ అత్తగారు కాదు, పనిముట్లిచ్చే పెద్దావిడ, అంతే. తను అప్పుడే డైవింగు పాసై, మూరెడు కత్తిని పిక్కకి బయటివైపు కట్టుకుని, మొన మెరిపించుకుంటూ వచ్చింది. పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "యుద్ధం ఎవరితోనమ్మా?" అంది. తర్వాత వీపు గోక్కోమంది. వేళాకోళమనుకుంది. కాదు. కుడిచేత్తో గోక్కోమంది, ఎడమచేత్తో గోక్కోమంది, చేతిని ఛాతీ మీద ఎంతవరకు పోతుందో పోనిమ్మంది, వంగి కాలి మడమ అందుకోమంది. ఎవరి చెయ్యి ఎక్కడిదాకా తిరుగుతుందో చూస్తే గాని ఆవిడ ఎవరికీ కత్తి ఇవ్వదు. నీళ్ళలో చిక్కుకున్నప్పుడు ఏ చెయ్యి ఖాళీగా ఉంటుందో ఎవరికీ తెలియదు కదా. అందుకని ఏ చేతికైనా అందేచోట ఒకటి, ఇంకోచోట రెండోది. ఒకే పనిముట్టుతో దిగేవాణ్ణి ఆవిడ మెట్లు దిగనివ్వదు.

ఆ రోజు ఆ పెద్ద కత్తి పెట్టెలో పడింది. బదులుగా జానెడు కూడా లేని పొట్టి కత్తి వచ్చింది. దానికి మొన లేదు, చివర చదును. మొన ఉంటే వల కన్నా ముందు నీ సూటుని, నీ గాలిగొట్టాన్ని కోస్తుందని చెప్పింది. ఒకవైపు నున్నటి అంచు, సన్న దారాలకి. రెండోవైపు రంపపు పళ్ళు, తాళ్ళకి. టైటానియంది ఇమ్మంటే నవ్వింది. తుప్పు పట్టదు గాని పదును కూడా పట్టుకోదు, సోమరులకి బాగుంటుంది, నీకు స్టీలిస్తాను, దాన్ని రోజూ పలకరించాలి అంది. పిక్క బయటివైపు కట్టుకుంటే దారిన పోయే ప్రతి తాడూ దానికే తగులుకుంటుందని, ఒరని ఎడమ భుజం కింద బిగించి, గడియని చేతితొడుగేసుకున్న బొటనవేలితో ఇరవైసార్లు తీయించింది. ఇరవై ఒకటోసారి కళ్ళు మూసుకుని తీయమంది.

ఇక ఆవిడ కడగడం చూడాలి. మంచినీళ్ళలో కడగాలని అందరికీ తెలుసు, ముంచి తీసి అయిందనిపిస్తారు. ఆవిడ పిడి మర విప్పి, ఉప్పు దాక్కునేది ఇక్కడేనమ్మా అంటూ పాత పళ్ళబ్రష్షు పెట్టి తోముతుంది. ఒరలో కూడా నీళ్ళు పోసి బోర్లిస్తుంది. ఫ్యాను కింద ఆరాక చుక్కంత గ్రీజు రాసి, రాసినదాంట్లో సగం తుడిచేస్తుంది, ఎక్కువైతే ఇసుక పడుతుందని. పళ్ళకి పదును పెట్టేటప్పుడు సన్నటి గుండ్రటి ఆకురాయి తీసుకుని, ఒక్కో పంటి సందులోకి ఒకే వైపు నుంచి, మూడంటే మూడే సార్లు లాగుతుంది. ఒక కత్తికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా గదిలో ఎవరైనా మాట్లాడితే ఊకొడుతుంది గాని ఏమీ వినదు. ఆ చేతులకేసి చూస్తూ చిన్నకోడలు ఎన్నో మధ్యాహ్నాలు గడిపింది. ఆ మధ్యాహ్నాల్లోనే ఆవిడ ఈమెని కోడలిగా ఖాయం చేసుకుంది. నీళ్ళలోంచి రాగానే తన జుట్టు కన్నా ముందు కత్తిని కడుక్కున్న పిల్ల ఇది ఒక్కతేనని తర్వాత అందరికీ చెప్పుకుంది.

అన్నీ అయ్యాక తడితాడు పరీక్ష. కాగితం మీద కాదు, గోరు మీద కాదు. బకెట్లో నానబెట్టిన తాడుని వదులుగా వేలాడదీసి, చేతితొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని కోయాలి. బిగిన ఉన్న తాడుని ఏదైనా కోస్తుంది. వల బిగిసి ఉండదు, వదులుగా ఉంటుంది, జారుతుంది. రెండు లాగుళ్ళలో తెగితే చీటీ మీద టిక్కు, లేకపోతే మళ్ళీ ఆకురాయి.

మేనేజరు సరిగ్గా పదికి వచ్చాడు. వెనకాల అందరూ ఆయన్ని రూళ్ళకర్ర అంటారు. చెడ్డవాడు కాదు. అన్యాయం చేయడు, రూలు తప్పడు, రూలు తప్పనివాడికి ఎదుటివాళ్ళ మీద జాలిపడే తీరిక దొరకదు. ఫైలు బల్ల మీద పెట్టి, పక్కన ఆ కత్తిని పెట్టాడు. సాక్ష్యమని ప్లాస్టిక్ కవర్లో వేసి, అతికించి, దాని మీద సంతకం చేసి మరీ దాచాడు.

అత్తగారు రెండు రోజుల్లో మొదటిసారి తనంత తానుగా మాట్లాడింది.

"తడి కత్తిని కవర్లో పెట్టారా, బాబూ?"

సాక్ష్యం కదమ్మా, ముట్టుకోకూడదు అన్నాడాయన. ఆవిడ, ఎవరో పసిపిల్లని తడిబట్టలతో పడుకోబెట్టినట్టు బాధగా ఆ కవరుకేసి చూసింది.

ఆయన ఫైలు చదివాడు. ఫలానా తేదీ, ఫలానా ఫెర్రీ, దాని అడుగున తిరిగే పంకాకి చుట్టుకున్న వల. కత్తి విఫలమైంది, రెండో పనిముట్టు వల కింద చిక్కి చేతికందలేదు. జోడీగా దిగిన డైవరు కత్తెరతో కోసి కాపాడాడు. వల మధ్యలో తీగ ఉండటం వల్ల అతను తన కత్తి జోలికి పోకుండా నేరుగా కత్తెర తీశాడు, మంచిపని చేశాడు. విఫలమైన కత్తి చీటీ మీద టిక్కు పెట్టిన వ్యక్తి తప్పు ఒప్పుకున్నారు. కాబట్టి ఇకమీదట చేత్తో సాన పట్టడాలు ఉండవు. కొత్త పనిముట్లు డబ్బాల్లో వస్తాయి, పదును పోతే పారేసి ఇంకోటి తీసుకోవడమే. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టామని, డైవర్లు సొంతంగా పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్తున్నారని చెప్పి, కలం మూత తీశాడు.

ఆ మూత తీసిన చప్పుడుకి చిన్నకోడలి గొంతులో ముల్లు కదిలింది. భర్తని నలుగురి ముందూ పెట్టాలి, తన ఉద్యోగం కూడా పోవచ్చు. రెండు రోజులుగా ఆ రెండింటినీ అడ్డం పెట్టుకుని బతికింది. ఇప్పుడు అత్తగారి చేతులు చూసింది. ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఏం చేయాలో తెలియక, చీర అంచుని ఆకురాయిలా వేళ్ళ మధ్య తిప్పుతోంది. ఇక చిన్నకోడలు ఆగలేకపోయింది.

"సార్, ఆగండి. టిక్కు పడ్డాక ఆ కత్తి మీద ఇంకో చెయ్యి పడింది. మా వారు సాన పట్టారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా తడితాడు మీద చూసుకోకుండా దిగాను."

మేనేజరు కలం ఆపాడు. అత్తగారు తల తిప్పి కోడల్ని చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

మిగతాది కోడలు ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఫెర్రీ పని తెల్లారే మొదలు. వ్యాను నేరుగా ఇంటికే వస్తుందని, ముందురోజు సాయంత్రమే తనకీ బావగారికీ పనిముట్లు ఇంటికి ఇచ్చి పంపారు. తన భర్త ఫర్నిచర్ చేసేవాడు, ఉలులు, చిత్రికలు ఆయనకి ప్రాణం. బల్ల మీద కత్తి చూసి పక్కనే ఉన్న తన షెడ్డులోకి పట్టుకెళ్ళి మెరుగుపెట్టి తెచ్చి ఇచ్చాడు. అద్దంలా ఉంది. కాగితం మీద పెడితే చప్పుడు లేకుండా దిగింది. ఆయన ముఖం కూడా ఆ కత్తిలాగే వెలిగింది. ఆ సంతోషం చూసి, ఇంత పదునైన దానికి ఇంకా తాడెందుకని ఒరలో పెట్టేసింది. నీళ్ళలో అది తాడు మీద అటూ ఇటూ జారుతున్నప్పుడు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖమే. అందుకే పైకి వచ్చాక నోరు రాలేదు.

"అయినా తప్పు నాదే" అంది అత్తగారు నెమ్మదిగా. "టిక్కు పడ్డ కత్తి రాత్రిపూట గది దాటకూడదని రూలు పెట్టింది నేను. దాటించి, ఆ రాత్రి రెండు తెల్ల ఆకారాలకి కాపలాగా గదిలోనే పడుకున్నది నేను. ఇక్కడికొచ్చి తీసుకుంటే తెల్లారుజామున గంట ముందు లేవాలి. ఈ పిల్ల ఇంకో గంట పడుకుంటుంది కదా అనుకున్నాను."

ఇంతకాలం ఆవిడ కత్తుల్ని తప్ప ఎవర్నీ ముద్దుచేయదనుకున్న చిన్నకోడలికి ఆ గంట నిద్ర సంగతి వినగానే కళ్ళు నిండిపోయాయి. రెండు రోజులుగా ఈవిడ తలవంచుకుని తిరుగుతున్నది తన నిద్ర కోసమా అనుకుంది.

మేనేజరుకి మాత్రం ఒకచోట లెక్క కుదరలేదు. ఇంకా పదునెక్కిన కత్తి ఎందుకు కోయలేదని అడిగాడు. ఆ ప్రశ్న వినగానే అత్తగారు కుర్చీలోంచి లేచింది. కవరు విప్పడానికి అనుమతి అడిగింది. ఆయన తేదీ, సమయం రాసుకుని మరీ విప్పాడు.

ఆవిడ కత్తిని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. కళ్ళద్దాలు పైకి నెట్టి, ముక్కు దగ్గరగా పెట్టుకుని, ఇటూ అటూ తిప్పింది. రెండు రోజులు తడిలో ఉన్నందుకు పళ్ళ పొడుగునా ఆవాలంత తుప్పుచుక్కలు లేచాయి. నా చేతికింద ఏడేళ్ళలో ఒక్క చుక్క లేవలేదు, రెండు రోజులకే ఇలా లేవడం కవరు వల్ల మాత్రమే కాదు అని గొణుక్కుంది. పిడి దగ్గర ఒకచోట వేలు పెట్టి కోడల్ని పిలిచింది. మెరుగు కింద, పిడిలోకి పోయేచోట, గోరంత మేర లేత నీలిరంగు ఉంది. అలాంటి నీలం స్టీలుకి ఒక్క కారణంగానే వస్తుంది.

"చక్రం మీద పెట్టాడు. కరెంటు చక్రం మీద. కాక తగిలి స్టీలు సత్తువ పోయింది. పళ్ళకి రెండువైపులా రాసేశాడు, కొసలన్నీ నున్నబడ్డాయి, కాగితాన్నైతే కోస్తాయి గాని తడితాడుని పట్టుకోవు. ఉలికైతే అదే పద్ధతి."

తర్వాత ఆవిడ చేసిన పనిని చిన్నకోడలు చాలాకాలం మర్చిపోదు. బకెట్లోంచి నానిన తాడు తీసి బల్ల అంచుకి వదులుగా వేలాడదీసింది. చేతితొడుగులు మేనేజరుకిచ్చి తొడుక్కోమంది. ఆయన అటూ ఇటూ చూసి తొడుక్కున్నాడు. కళ్ళు మూసుకోమంది, మూసుకున్నాడు. మెరిసే కత్తి చేతిలో పెట్టింది. ఆయన లాగాడు, జారింది. ఇంకా గట్టిగా లాగాడు, తాడు పక్కకి పోయింది. ఏడోసారికి చెమట పట్టింది గాని తాడు మీద గీత పడలేదు. అది తీసేసి, బోర్డు మీంచి ఒక పాత కత్తి తీసి ఇచ్చింది. మసకబారి, పిడి అరిగిపోయి, చూడ్డానికి పాత ఇనప సామాన్లలో వేయాల్సినట్టుంది. ఒక లాగు, రెండో లాగు. తాడు ముక్క కింద పడింది.

రూళ్ళకర్ర కళ్ళు తెరిచి తెగిన చివరకేసి చూశాడు, చేతిలోని కత్తికేసి చూశాడు, తర్వాత ఆవిడకేసి చూశాడు. ఆ గదిలోకి ఎన్నోసార్లు వచ్చి లెక్కలు రాసుకుపోయిన మనిషి, ఆ గదిలో జరిగే పనేమిటో మొదటిసారి చూసినట్టున్నాడు. "అమ్మా, ఈ పదును ఎన్నాళ్ళ కిందటిది?" అని అడిగాడు. వారం కిందటిదని, ఎవరూ వాడకపోయినా నెలకోసారి పెడతానని ఆవిడ చెప్పింది. వాడకుండా పడున్నవే ముందు పాడవుతాయట, కొక్కెంలా వంగిన కత్తుల్లో లోపల దాగిన బ్లేడైతే ఎవరికీ కనపడకుండా తుప్పుపట్టి కూర్చుంటుందట. డబ్బాల్లో వచ్చేవాటికి ఈ సంగతి ఎవరు చూస్తారని అడగలేదు ఆవిడ. ఆయనే తన కలానికి మూత పెట్టాడు.

అయితే రూలు రూలే. కోడలు చెప్పింది ఫైల్లో రాయాలంటే, సాన పట్టిన మనిషి నోటితో ఒకసారి వినాలన్నాడు. చిన్నకోడలు భర్తకి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. అవతల చిత్రిక చప్పుడు ఆగి, "చెప్పు" అన్న గొంతు వినిపించింది. కత్తికి సాన ఎవరు పట్టారని అమ్మ అడుగుతోందనేసరికి ఆ గొంతులో ఇంకాస్త హుషారు వచ్చింది. పాపం, ఆయన పైనుంచి కిందిదాకా మంచివాడు. కత్తి జారిందని విన్నాడు గాని, అది తన సాన వల్లేనని ఆయనకి ఇప్పటిదాకా ఎవరూ విప్పి చెప్పలేదు.

"నేనే పట్టానమ్మా. నువ్వు ఒక్కోదాంతో ముప్పావుగంట కుస్తీపడుతుంటావు కదా, చక్రం మీద ఎంతసేపు. రెండూ కలిపి పావుగంట పట్టలేదు."

మేనేజరు రాసుకుంటున్నాడు. అత్తగారి చెయ్యి మాత్రం బల్ల మీద ఆగిపోయింది.

"రెండూ అంటే?"

"అన్నది కూడా. పక్కనే ఉంది కదా అని దానికీ పెట్టేశా. వాడికి చెప్పలేదు, వాడే చూసి మురిసిపోతాడులే అని."

ఫోనులో ఆయన "అమ్మా, ఉన్నావా" అంటూనే ఉన్నాడు. చిన్నకోడలు తలెత్తి బోర్డుకేసి చూసింది. పై వరసలో మూడో మేకు ఖాళీ. దాని వెనక తెల్లటి కత్తి ఆకారం. బావగారిది.

విచారణ తేలేదాకా చిన్నకోడలు నీళ్ళలో దిగకూడదన్నారు కాబట్టి, బావగారు ఇవాళ జోడీ లేకుండా, నడుముకి తాడు కట్టుకుని ఒక్కడే దిగాడు. లోతు తక్కువ పనికి అలా దిగనిస్తారు. జెట్టీ స్తంభాలకి పట్టిన పాత వలలు కోసి తీయడం ఆ పని. అతని కత్తెర ఇక్కడే, బల్ల చివర, మర విప్పి రెండు ముక్కలుగా గుడ్డ మీద ఉంది. ఫెర్రీ వలలోని తీగ కోసినప్పుడు అంచు విరిగితే బాగుచేయడానికి అత్తగారు విప్పింది. విప్పినరోజే తాళంచెవి మేనేజరుకి ఇచ్చేయాల్సి వచ్చింది. మేనేజరు పుస్తకం ముందుకు లాక్కుని ఈ ఉదయపు పేజీ తీశాడు. బావగారి సంతకం ఉంది. ఎదురుగా ఒక్కటే మాట, కత్తి. కొత్త డబ్బాలోది ఏదీ తీసుకోలేదు. తల్లి చేతి కత్తి ఉండగా అదెందుకనుకుని ఉంటాడు. రెండో పనిముట్టు లేనివాణ్ణి మెట్ల మీద ఆపే మనిషి ఆ వేళకి ఇంట్లో కూర్చుని ఉంది.

"వాడు దిగి ఎంతసేపయింది?" అంది అత్తగారు.

నలభై నిమిషాలు అన్నాడు మేనేజరు. ఆయన గొంతు ఆయనకే వినపడినట్టు లేదు.

ఆవిడ పాత కత్తిని బల్ల మీంచి తీసుకుంది. మూలన వేలాడుతున్న ఒర, బోర్డు మీది ఒక కత్తెర అందుకుంది. నానిన తాడు ముక్క ఒకటి ఎందుకో గుప్పిట్లో పట్టుకుంది. ఫోనులో కొడుకు ఇంకా పిలుస్తున్నాడు. బోర్డు మీద తెల్ల ఆకారం అలాగే ఉంది, ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటింది. పంతొమ్మిదేళ్ళలో తనంత తానుగా అలా దాటడం అదే మొదటిసారని ఆ క్షణాన గమనించడానికి ఎవరికీ తీరిక లేదు. చిన్నకోడలు మాస్కు, కాళ్ళకి తొడిగే ఫిన్నులు అందుకుంది. సిలిండర్ కోసం వెనక్కి తిరిగేసరికి మేనేజరే దాన్ని భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె దిగకూడదని రాసిన ఉత్తర్వు ఆయన జేబులోనే ఉంది.

జెట్టీ మెట్ల మీద తాడు పట్టుకున్న మనిషి వీళ్ళ పరుగు చూసి లేచాడు. అంతా బాగానే ఉందన్నాడు. కాసేపటి కిందట కాస్త తాడు వదలమంటే వదిలానని, అప్పట్నుంచి ఒకేచోట పని చేసుకుంటున్నాడని, బుడగలు కూడా అక్కడే వస్తున్నాయని మూడో స్తంభం వైపు చూపించాడు. అత్తగారు ఆ తాడు అతని చేతిలోంచి తీసుకుని రెండుసార్లు లాగింది. బాగున్నావా అని దానికి అర్థం. బాగుంటే కిందనుంచి కూడా రెండు లాగుళ్ళు రావాలి.

తాడు కదల్లేదు. ఆవిడ మళ్ళీ లాగింది. ఈసారి కింద ఏదో పట్టుకున్నట్టు బిగుసుకుందే గాని తిరుగు లాగు రాలేదు.

చిన్నకోడలు సిలిండర్ పట్టీలు బిగించుకుంది. మేనేజరు వెనక గొట్టం సరిచేశాడు. ఆమె దూకడానికి అంచున కాలు పెట్టగానే అత్తగారు భుజం పట్టుకుని ఆపింది. ఎడమ భుజం కింద ఒర తగిలించి గడియ వేసి, నడుముకి కత్తెర తగిలించింది. గుప్పిట్లో ఉన్న తడితాడు ముక్కని ఒక చివర పట్టుకుని, ఆమె ముఖం ముందు వదులుగా వేలాడదీసింది.

"కోసి వెళ్ళు" అంది.

ఒక్కో క్షణం ఎంత విలువైందో ఆ తల్లికన్నా తెలిసినవాళ్ళు అక్కడెవరూ లేరు. చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. బొటనవేలితో గడియ తీసింది, ఒక లాగు, రెండో లాగు. తెగిన ముక్క కాళ్ళ దగ్గర పడిన చప్పుడు విని కత్తిని ఒరలోకి తోసి, కళ్ళు తెరిచింది.

మూడో స్తంభం దగ్గర నీళ్ళు నున్నగా ఉన్నాయి. బుడగలు లేవు.